కార్తెకొక ఫోటో

మగ్గాల వీధిలో తిమ్మమ్మ గురించి చెప్పుకునే మాట ఇది. కిందటేడు కార్తీకమాసంలో ఆమె మహానందికి పోయిన రోజు కర్నూలు వైపు నుంచి ఒక తెల్లకారు వచ్చింది. అందులోంచి గడ్డం స్వామి ఒకడు, గడ్డపారలు పట్టుకున్న మనుషులు కొందరు దిగారు. నేరుగా పెరట్లోకి పోయి, దానిమ్మచెట్టు కింద తవ్వి, మూతికి సీసం పోసిన రాగిబిందె పైకి తీశారు. ఇంటివాళ్ల వాటా ఇంటివాళ్లకు ఇచ్చి వచ్చిన దారినే పోయారు. కారు నంబరు ఎవరూ చూడలేదు. స్వామి ముఖమూ చూడలేదు. కారు తెల్లదన్న విషయంలో మాత్రం వీధిలో రెండో మాట లేదు.

గిడ్డయ్య టీ అంగడి దగ్గర ఈ కథ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగుతుంది. నమ్మనివాళ్ల కోసం గిడ్డయ్య దగ్గర సాక్ష్యం కూడా ఉంది: తిమ్మమ్మ మొగుడు నరసన్న.

"నరసన్న మగ్గంలో కూర్చున్నాడంటే మద్యాన్నం సంగటికి తప్ప లేచినోడు కాదప్పా. ఇప్పుడు చూడు. పొద్దున పదయ్యేసరికి లేచి పెరట్లోకి పోతాండాడు. ఏం పనుండాది ఆడ? కడుపు నిండినోడు కాబట్టి పోతాండాడు," అంటాడు.

"మగ్గం మీంచి లేచినోళ్లందరికీ బిందెలు దొరికుంటే ఈ వీదిలో రాగిసామాన్ల సంత పెట్టుకోవచ్చు," అంటారెవరో.

"నువ్వు టీ తాగప్పా, సల్లారిపోతాది," అంటాడు గిడ్డయ్య.

ఇక తిమ్మమ్మ సంగతి. ఆమెకు యాభై దాటాయి. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. కడప నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఈ ఊరికి కోడలుగా వచ్చిన నాటి నుంచి నరసన్న నేస్తుంటే ఆమె నూలు కండెలు చుట్టింది. వాళ్లది మట్టిమిద్దె. వీధిలో చాలామంది మిద్దెలు పడగొట్టి సిమెంటు కప్పులు వేసుకున్నారు గానీ నరసన్న వేసుకోలేదు. కప్పు నడుమ వెలుతురు కోసం వదిలిన గవాచి ఇప్పటికీ ఉంది. జానెడు వెడల్పు కంత. వాన వస్తే మిద్దె పైకి పోయి బండ మూయాలి, వెలిసినాక తీయాలి. ఆ గవాచి వెలుతురులోనే నరసన్న పడుగులో తెగిన పోగు వెతుక్కుంటాడు. దాని కిందే తిమ్మమ్మ రాట్నం.

రెండేళ్ల కింద ఊరంతా కీళ్లజ్వరం పట్టింది. జ్వరం పోయినా తిమ్మమ్మ వేళ్లు వంగలేదు. రాట్నం తిప్పబోతే మణికట్టు నుంచి మోచేతి దాకా నిప్పు పాకినట్టుండేది. కండెలు పక్కవీధిలో చుట్టించుకోవాల్సి వచ్చింది. ఆమె గవాచి కింద ఉత్తచేతులతో కూర్చునేది. నేల మీద పడ్డ వెలుతురు ముక్క జరుగుతుంటే దాన్ని చూస్తూ ఉండేది. ఎండాకాలం అది నిట్టనిలువుగా దిగేది. చలి మొదలయ్యాక ఉత్తరపు గోడ వైపు జరిగిపోయేది. ఇన్నేళ్లూ ఆ వెలుతురులో పని చేసిందే గానీ వెలుతురును చూడలేదని అప్పుడు తెలిసింది.

చెల్లెలి కూతురు శివాని కడపలో డిగ్రీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చి పెద్దమ్మను చూసి, సంచిలోంచి తన పాత ఫోను తీసి ఇచ్చింది.

"పెద్దమ్మా, ఊరికే నేల చూస్తా కూర్చోకుండా దీంట్లో చూడు. ఈడ వేలు పెడితే చాలు, పటం వచ్చేస్తాది."

"నా మొగానికి పటాలొకటి."

"నీ మొగం వద్దులే. నీ ఎదురుగా ఏముంటే అది తియ్యి."

ఎదురుగా చాటలో వంకాయలున్నాయి. తిమ్మమ్మ వేలు పెట్టింది. పటం వచ్చింది. చూసుకుంటే వంకాయ నిగనిగలో తెల్లగా నలుచదరంగా చిన్న మచ్చ. ఏమిటా అని తల ఎత్తితే పైన గవాచి. ఇంటి కప్పంతా వంకాయ మీద కూర్చుని ఉంది. ఎన్ని వంకాయలు కోసి ఉంటుంది ఈ చేతులతో, ఒక్కనాడూ కనబడలేదు. జ్వరం రాకపోయి ఉంటే ఇది చూసేదాన్ని కాదు కదా అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ జ్వరాన్ని తిట్టడం మానేసింది.

అట్లా మొదలైంది. పెరట్లో కోసినవన్నీ ముందు గవాచి కింద కూర్చుని ఆ తర్వాత వంటింట్లోకి పోయేవి. ఎర్రగా పండిన మిరపకాయలు, పగిలిన సీతాఫలం, మట్టికుండ పక్కన నాలుగు నిమ్మకాయలు. వెలుతురు ముక్క మగ్గం పక్కనే పడుతుంది కాబట్టి నరసన్న సంగటికి లేచేదాకా ఆగి, ఆ కాస్త సేపట్లో తీసుకునేది. అతను తినడం అయ్యేసరికి చాట సర్దేసేది. ఏం తీసిందో అతను అడిగేవాడు కాదు. ఆమె చూపించేదీ కాదు. మగ్గం మనిషికి వంకాయ పటంతో ఏం పని అనుకునేది. తీసినదాన్ని శివానికి పంపేది. అక్కడి నుంచి మాట వచ్చేది.

"అన్నీ ఒకే రోజువి పెద్దమ్మా. ఏదన్నా ఒక చెట్టును పట్టుకుని ఏడాది పొడుగునా తియ్యి. మారేది కనపడతాది," అంది శివాని ఫోనులో.

తిమ్మమ్మ దానిమ్మను పట్టుకుంది. అంట్లు కడిగే చోట ఎవరో ఉమ్మేసిన గింజ మొలిచి చెట్టయింది అది. మొలిచి నాలుగేళ్లయినా నడుము ఎత్తు దాటలేదు. పూలు పూస్తుంది, రాలుస్తుంది, కాయ నిలపదు. దాని ఎదురుగా ఒక బండ వేసుకుంది. నెలకొకటి తీస్తే సరిపోదనిపించింది. ఎండా వానా ఆమెకు నెలల్లో తెలియవు, కార్తెల్లో తెలుస్తాయి. సుమారు రెండు వారాలకొకసారి కార్తె మారిన రోజున, అదే బండ మీద కూర్చుని, అదే చెట్టుకు ఒక్క ఫోటో. ఇరవై ఏడు కార్తెలకు ఇరవై ఏడు. నడుమ ఒక్కటి తప్పినా ఏడాది తెగిన పోగులాగా అయిపోతుంది. ఉగాది దాటాక వచ్చిన అశ్వని కార్తెనాడు మొదటిది తీసింది.

కృత్తికలో ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముడుచుకున్నాయి. రోహిణిలో గోడ సున్నం కూడా కళ్లలో గుచ్చేది. పొద్దెక్కితే ఫోను వేడెక్కి తనంతట తాను ఆరిపోయేది. మృగశిరలో ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడి మట్టి మీద చిల్లులు పెట్టి పోయాయి. తిమ్మమ్మ చెట్టును వదిలి ఆ చిల్లులకు కూడా ఒక ఫోటో తీసింది. ఆరుద్రలో మబ్బులు వచ్చి చూసి పోయాయి. పుష్యమి, ఆశ్లేష ఉత్తవే. అంట్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, కాళ్లు కడుక్కున్న నీళ్లు చెట్టుకు పోసింది. మఖలో పూసినవన్నీ రాలాయి. రాలిన పూలను ఏరి గవాచి కింద పెట్టి తీసింది. ఉత్తర కార్తెలో వాన దిగింది. హస్తలో బూడిదగుమ్మడి తీగ గోడ ఎక్కి అవతల వీధిలోకి తొంగిచూసింది. స్వాతి కార్తెకు దానిమ్మ కొమ్మల మధ్య సాలెగూడు, దాని నిండా మంచు. ఇంత చిన్న చెట్టులో ఇంత ఉందా అని ఆమెకు రోజూ ఆశ్చర్యమే. ఫోటో తీసి లేచేటప్పుడు చెట్టును చేత్తో తాకి కళ్లకద్దుకునేది.

చూసేవాళ్లకు ఇదంతా వేరేగా కనబడిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

ఎదురింటి శివకుమారి ఒక రోజు తోడు పెరుగు కోసం వచ్చి గడపలోనే నిలబడిపోయింది. లోపల నల్లగొంగడి వేలాడదీసి ఉంది. దాని ముందు పీట మీద బూడిదగుమ్మడికాయ, చుట్టూ నిమ్మకాయలు, ఒక మూలగా ఎర్రమిరపపండ్లు. గవాచి వెలుతురు సరిగ్గా వాటి మీదే పడుతోంది. తిమ్మమ్మ కదలకుండా మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

"ఏంది వదినా ఇది?"

"ఫోటో తీస్తాండా."

"గొంగడెందుకు కట్టినావు?"

"వెనక నల్లగుంటే ముందరిది బాగా కనపడతాది."

"అంత లావుండాది గుమ్మడికాయ. మా అత్తకు కళ్లద్దాలు లేకుండానే కనపడతాది. దానికి గొంగడి కావాల్నా వదినా?"

తిమ్మమ్మ నవ్వి పెరుగు పోసి ఇచ్చింది. శివకుమారి పెరుగుగిన్నెతో పాటు ఆ గొంగడిని, గుమ్మడికాయను కూడా వీధిలోకి తీసుకుపోయింది. కొళాయి దగ్గర చెప్పింది. అది గిడ్డయ్య అంగడికి చేరింది. అక్కడ గిడ్డయ్య దగ్గర ఇంకో సంగతి సిద్ధంగా ఉంది. తిమ్మమ్మ ఇంట్లో క్యాలెండరు ఎలుకలు కొరికినప్పటి నుంచి ఆమె అంగడికి వచ్చి, ఫలానా కార్తె ఎప్పుడు పడుతుందో చూసి చెప్పమని అతన్నే అడుగుతోంది.

ఈ వైపు ఊళ్లలో ఇలాంటివి నాలుగు ఒకచోట చేరితే మనుషులు ఐదోది తామే చేరుస్తారు. పాడుబడ్డ కోటలు, రాజుల కాలపు రాళ్లు చుట్టూ ఉన్న చోట, గుమ్మడికాయ, నిమ్మకాయలు, నల్లగుడ్డ, పంచాంగం చూసుకుని ఒకే చోట కూర్చోవడం, వీటన్నిటికీ కలిపి ఒకటే అర్థం. నిక్షేపం. తిమ్మమ్మ పెరట్లో దానిమ్మ కింద నిక్షేపం ఉంది, అది పైకొచ్చే గడియ కోసం ఆమె కనిపెట్టుకుని ఉంది.

ఆ మాట తిరిగి తిరిగి నరసన్న చెవిన కూడా పడింది. అతను మాటల మనిషి కాడు. ఒక మధ్యాహ్నం సంగటి తింటూ తింటూ ఆగి అడిగాడు.

"పెరట్లో ఏమన్నా ఉండాదా?"

"ఉండాది. కాకరకాయలు. రేపు చేస్తా."

"అది కాదు. నాకు చెప్పకుండా ఏమన్నా."

తిమ్మమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకాస్త ఊరుబిండి పచ్చడి వేసింది. అతను చెయ్యి కడుక్కుని మగ్గంలోకి పోయాడు. ఆ సాయంత్రం మగ్గం చప్పుడు ఒక్క తీరుగా లేదు. మధ్యమధ్యలో ఆగుతోంది. పోగులు తెగుతున్నాయేమో అనుకుందే గానీ ఆమె లేచిపోయి అడగలేదు.

కార్తీకమాసం చివరి సోమవారానికి వీధి ఆడవాళ్లు మహానందికి బయలుదేరారు. శివకుమారి పట్టుబట్టి తిమ్మమ్మను కూడా తీసుకుపోయింది. ఆమెకూ పోవాలనే ఉంది. నల్లమల కింద ఊటనీళ్లతో నిండిన కోనేట్లో మెడ దాకా దిగి నిలబడితే కాలివేళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నీళ్ల కోసం ఏడాదంతా బిందెలు మోసే మనుషులకు ఆ నీళ్లు చూడటమే పెద్ద దర్శనం. వేళ్ల నొప్పులు ఆ కాసేపు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఆ రాత్రికి సత్రంలో ఉండి, మరునాడు అహోబిలం కూడా చూసి పోదామన్నారు అందరూ.

"నేను రాలేనే శివకుమారీ. రేపు నాకు ఇంటికాడ పనుండాది. అనూరాధ కార్తె పడతాది," అంది తిమ్మమ్మ.

శివకుమారి పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచింది. "పో వదినా, పో. గడియ దాటిపోతే మల్లా దొరుకుతాదో లేదో."

తిమ్మమ్మ ఒక్కతే మొదటి బస్సెక్కింది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. వాకిట్లో గిడ్డయ్యా, ఇంకో ఇద్దరు ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు.

"ఎవరో వచ్చి తవ్వి పోయినారంట అక్కా. నరసన్న చెప్పినాడు. కారులో వచ్చినట్టుండారు," అన్నాడు గిడ్డయ్య.

ఆమె చేతిసంచి పట్టుకునే పెరట్లోకి పోయింది. దానిమ్మ ఉన్నచోట నడుము లోతు గుంత ఉంది. కాకర పందిరి వంగిపోయి ఉంది. బంతిమొక్కల మీద మట్టికుప్ప. దానిమ్మ గోడవారగా పడుకోబెట్టి ఉంది. వేళ్లకు పట్టిన మట్టి ఎండి రాలిపోతోంది. ఆకులు వేలబడ్డాయి. అశ్వని నుంచి విశాఖ దాకా పదహారు కార్తెలు దాన్ని చూసింది. పదిహేడోది ఇవాళ. తిమ్మమ్మ బండ మీద కూర్చుండిపోయింది. ఆ బండ ఒక్కటే ఉన్నచోట ఉంది.

కాసేపటికి లేచి ఇంట్లోకి వచ్చింది. నరసన్న మగ్గంలో కూర్చుని ఉన్నాడు గానీ నేయడం లేదు. ఆమె బయలుదేరేటప్పుడు చీరలో ఆకుపచ్చ అయిపోయి పసుపు మొదలవుతోంది. ఇప్పుడూ పసుపు మొదలవుతూనే ఉంది. ఒక్క వేలెడు కూడా జరగలేదు. అతని రెండు అరచేతులకూ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"చేతులు చూపీ," అంది.

అతను చూపించలేదు. ఆమే పట్టుకుని పీలికలు విప్పింది. బొబ్బలు పగిలి ఉన్నాయి. నలభై ఏళ్లు మగ్గంలో నాడె ఆడించిన చేతులు, గడ్డపార పట్టినవి కావు.

"ఎవరో వచ్చినారని చెప్పినావంట."

"ఎవరో అన్నా. అంతే. కారు నేను చెప్పలా. అది గిడ్డయ్య తెచ్చినాడు."

తిమ్మమ్మ పీలికలు పక్కన పెట్టింది. అతనే మళ్లీ మొదలుపెట్టాడు.

"మూరెడు తవ్వి చూసి పూడ్చేద్దామనుకున్నా. మూరెడు తవ్వినాక సుద్ద తగిలింది. గట్టిగా టంగుమన్నాది. ఆ చప్పుడు వినినాక ఆగలేకపోతి."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగినా. నవ్వినావు."

"నవ్వితే?"

"నువ్వు దినామూ ఆడనే చూస్తాంటివి. తారీకు చూసుకోని మరీ కూర్చుంటాంటివి. ఉత్త చెట్టును ఎవురన్నా అంతసేపు చూస్తారా అనుకున్నా. నీకేమో తెలిసుండాది, నాకు చెప్పకూడదనుకున్నావని..." అని ఆపేశాడు.

చెట్టు పోయినందుకు కన్నా ఆ మాటకు ఆమెకు గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ల కాపురంలో ఒక పోగు కూడా దాచుకోలేదు. కోపం వచ్చింది. కోపం వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. ఏడాదిగా తాను తీసినవాటిలో ఒక్కటంటే ఒక్కటి ఇతనికి చూపించలేదు. అతను లేచినప్పుడు తీసి, అతను కూర్చునేలోగా సర్దేసింది. కడపలో ఉన్న పిల్లకు చూపించింది, పక్కనున్న మనిషికి చూపించలేదు. చూడనివాడు ఏమనుకుంటాడు మరి.

ఫోను తీసి మగ్గం అంచున కూర్చుంది. అశ్వని దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే జరిపింది. అతను బొబ్బల చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాడు. ఎండిన చెట్టు, దుమ్ము చెట్టు, చినుకుల చెట్టు, పూసిన చెట్టు, పూలు రాల్చిన చెట్టు, మంచు పట్టిన చెట్టు.

"అన్నీ మన చెట్టేనా?"

"మన చెట్టే."

"ఇంతేనా?"

"ఇంతే."

అతను ఇంకోసారి మొదటి నుంచి చూపించమన్నాడు. చూపించింది. ఆ తర్వాత మగ్గంలోంచి లేచి, పీలికలు మళ్లీ చుట్టుకుని, పెరట్లోకి నడిచాడు.

గుంతలో దిగి చూస్తే తిమ్మమ్మకు ఒక సంగతి తెలిసింది. మూరెడు లోతున బెత్తెడు మందాన తెల్లటి సుద్దపొర ఉంది. చెట్టు వేళ్లు దాకి దాకి, దిగలేక, పక్కలకు చాప అల్లినట్టు అల్లుకున్నాయి. నాలుగేళ్లూ అది ఎదగకపోవడానికి కారణం అదే. నరసన్న ఆ పొరను పగలగొట్టి కిందికి తవ్వాడు. అడుగున మన్ను నల్లగా, చేత్తో పిసికితే ముద్దయ్యేలా ఉంది. అడిగినా ఈ పని చేసేవాడు కాదు. ఆమె అడిగేదీ కాదు, అతని మోకాళ్ల సంగతి తెలుసు కాబట్టి.

సుద్దముక్కలు ఏరి బయట పారేశారు. మేకల ఎరువు, పైమట్టి కలిపి గుంత నింపారు. తిమ్మమ్మ కొమ్మలన్నీ కత్తెరతో మోకాటి ఎత్తుకు కత్తిరించింది. ఆకులు మోసే బలం దానికిప్పుడు లేదు. నిలబెట్టి, మట్టి తొక్కి, రెండు బిందెలు నీళ్లు పోశారు. పొద్దు గోడ దిగుతుండగా ఆమె బండ మీద కూర్చుని ఫోటో తీసింది. కొత్త మట్టిలో నాలుగు మోడు పుల్లలు. అనూరాధ కార్తె తప్పిపోలేదు.

"పోయి గిడ్డయ్యతో చెప్పొస్తా, నేనే తవ్వినానని," అన్నాడు నరసన్న.

ఆమె ఖాళీ బిందెలు అందుకుంది.

"వద్దు. ఇంటాయనే తవ్వినాడంటే ఇంకా ఏమో ఉండాదనుకుంటారు. ఇంకో నాలుగు బారలు లోతుకు తవ్వుతామని వస్తారు. కారోళ్లు ఎత్తుకోని పోయినారనుకుంటే ఇంక మన చెట్టు జోలికి ఎవరూ రారు."

అట్లా ఆ తెల్లకారును ఎవరూ ఆపలేదు. అది వీధిలో తిరుగుతూనే ఉంది. తిరుగుతున్నన్నాళ్లూ దానిమ్మకు కాపలా కాస్తున్నట్టే కాబట్టి తిమ్మమ్మకు దాని మీద కోపం లేదు. శివకుమారి అహోబిలం ప్రసాదం తెచ్చిచ్చి, మెల్లగా "బిందె ఎంత ఉండె వదినా?" అని అడిగితే, "నేను చూడలేదే, నీతో పాటే మహానందిలో ఉంటి కదా," అంది. అది నిజమే.

జ్యేష్ఠ కార్తె వచ్చింది. మొదట్లో మిగిలిన ఒకటీ అరా ఆకులు కూడా రాలాయి. మూల కార్తెలో పుల్లలు బూడిదరంగుకు తిరిగాయి. తిమ్మమ్మ ఫోటో తీస్తూనే ఉంది. శివాని ఫోను చేసి, "పెద్దమ్మా, మొన్న పంపినదీ ఇప్పుడు పంపినదీ ఒకటేనా?" అంది.

"ఒకటే చెట్టు, వేరే కార్తె."

"చచ్చిపోయిందేమో పెద్దమ్మా. ఇంకొకటి నాటుకో. కడపలో నర్సరీలో మంచివి ఉండాయి, తెస్తా."

"ఇంకోటి నాటితే అది ఇంకో ఏడాది. ఈ ఏడాది దీనిది. ఉన్నా పోయినా కడదాకా తీస్తా."

అన్నది గానీ పొద్దున లేస్తూనే ఆమె ముందు పెరట్లోకి పోయేది. గోటితో బెరడు గీరి చూడాలని చెయ్యి లేచేది. గీరితే లోపల పచ్చగా లేకపోతే ఏం చేయాలో తెలియక గీరేది కాదు. నరసన్న ఆమెకంటే ముందే లేచేవాడు. తెల్లారేసరికి ఒక బిందె నీళ్లు చెట్టు పాదులో ఇంకుతూ ఉండేవి. ఆమె ఒక్కరోజూ పోయాల్సిన అవసరం రాలేదు.

శ్రవణం పోయింది. ధనిష్ఠ పోయింది. శివరాత్రి చలి తగ్గి ఎండ మళ్లీ తెల్లబడింది. శతభిషం కార్తె పడిన రోజు పదిగంటలప్పుడు తిమ్మమ్మ బండ మీద కూర్చుంది. వెనక గోడ సున్నం మెరుపుకు ఆ సన్నపుల్లలు ఫోనులో కనబడటమే లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నీడలు నల్లగీతల్లా అడ్డం పడుతున్నాయి. ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. కాసేపటికి నరసన్న ఒక తానుగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. రంగు వేయని తెల్లగుడ్డ.

"ఎండ ఎక్కువైందా?" అన్నాడు.

"ఎక్కువైంది."

అతను గుడ్డ రెండు కొసలూ పట్టుకుని, చేతులు చాచి, ఎండకూ చెట్టుకూ మధ్య నిలబడ్డాడు. గుడ్డలోంచి దిగిన ఎండ మెత్తబడింది. గోడ మెరుపు తగ్గింది. పుల్లలు ఒక్కొక్కటే కనబడసాగాయి.

"ఇంకాస్త కిందికి దించు. చాలు. కదలొద్దు."

"కదలను గానీ, ఇదేందిమే ఈడ?"

"ఏది?"

"ఈ పుల్ల కణుపు కాడ. చీమ అనుకుంటి. చీమ కాదు. ఎర్రగా ఉండాది."

తిమ్మమ్మ లేచి దగ్గరికి వచ్చింది. చీమ కాదు. దానిమ్మ చిగురు పుట్టేటప్పుడు ఆకుపచ్చగా ఉండదు, రాగిరంగులో ఉంటుంది. బియ్యపుగింజ మొనంత ఉంది. పక్క పుల్లకు చూస్తే అక్కడా ఒకటి. కింద మొదట్లో ఇంకో రెండు. అతని బొబ్బలు మానిన చెయ్యి గుడ్డ కొస పట్టుకుని అక్కడే ఉంది. చెట్టును తాకినట్టు ఆ చేతిని తాకి కళ్లకద్దుకుంది.

"ఏందిమే ఇది, ఎవురన్నా చూస్తే," అన్నాడు నరసన్న. "తియ్యి బిర్రీన. చేతులు లాగుతాండాయి."

తీసింది. పూర్వాభాద్రకు చిగుళ్లు ఆకులయ్యాయి. ఉత్తరాభాద్రకు ఆకులు పచ్చబడ్డాయి. రేవతి కార్తెకు ఆ మోడుపుల్లల మీద చెట్టు మోకాలు దాటి కొత్తగా లేచింది. ఇరవై ఏడూ అయ్యాయి. ఆ రోజు రాగిసంగటిలోకి వంకాయ పులుసు చేయబోతూ, వంకాయలు కోసే ముందు నరసన్నను పిలిచి, వాటి మీద కూర్చున్న గవాచిని చూపించింది. అతను తల ఎత్తి పైకి చూశాడు, కిందికి చూశాడు, "మా అమ్మ వద్దు వద్దంటాన్నా మా నాయన పెట్టించినాడు దీన్ని," అన్నాడు. ఎన్నడూ చూడని మామకు తిమ్మమ్మ మనసులోనే దండం పెట్టుకుంది.

అశ్వని మళ్లీ వచ్చింది, ఆమె మళ్లీ మొదలుపెట్టింది. గిడ్డయ్య అంగడిలో తెల్లకారు ఇప్పటికీ తిరుగుతోంది. ఈమధ్య దానికి వెనక ఇంకో కారు కూడా వచ్చి చేరింది. అతను చెప్పేదాంట్లో నరసన్న పదిగంటలకు మగ్గం మీంచి లేచి పెరట్లోకి పోతాడన్నది నిజమే. తిమ్మమ్మ ఫోటో తీసేటప్పుడు ఎండకు అడ్డంగా తెల్లగుడ్డ పట్టుకునేది అతనే.